వీపు చూపిన బొమ్మలు: ఆమిష్ నిత్యజీవన ఛాయాచిత్రణ – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: అమెరికాలోని ఆమిష్ క్రైస్తవ సమాజం ఛాయాచిత్రం కోసం నిలబడడాన్ని గర్వానికి గుర్తుగా భావించి నిరాకరిస్తుంది. అయినా ఇరవయ్యవ శతాబ్దంలో విస్తారంగా ఛాయాచిత్రాలకు ఎక్కిన గ్రామీణ సమాజాలలో అది ఒకటి. ఆ చిత్రాలలో పదేపదే కనిపించే వీపులు, దూరాలు, పసిముఖాలు ఎక్కడి నుండి వచ్చాయో, అవి ఆ సమాజపు విశ్వాసాన్ని ఎంతవరకు చూపగలిగాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1965 నాటి అయోవా వార్తాచిత్రం, జార్జ్ టైస్ ఛాయాచిత్ర సంపుటి, 2012, 2014 సంవత్సరాల రెండు డాక్యుమెంటరీలు ఇందుకు ప్రధాన ఆధారాలు.

కీలక పదాలు: ఆమిష్, అనాబాప్టిస్టు సంప్రదాయం, ఛాయాచిత్ర విమర్శ, ఓర్డ్‌నుంగ్, జార్జ్ టైస్, దృశ్య మానవశాస్త్రం.

1. మొక్కజొన్న చేలోకి పరుగు

1965 నవంబరు 19న అయోవా రాష్ట్రం బుకానన్ కౌంటీలో ఒక ఆమిష్ బడి ముందు బస్సు వచ్చి ఆగింది. తమ పల్లె బడిలో, ప్రభుత్వ ధ్రువపత్రం లేని తమ సొంత ఉపాధ్యాయుల చేతనే పిల్లలకు చదువు చెప్పించుకుంటామని అక్కడి ఆమిష్ తల్లిదండ్రులు పట్టుబట్టారు. జరిమానాలు పడినా వెనక్కి తగ్గలేదు. చివరకు అధికారులు పిల్లలను బస్సులో ఎక్కించి హేజిల్‌టన్ పట్టణపు బడికి తరలించడానికి వచ్చారు. పరుగెత్తమని ఒక కేక వినబడింది. పిల్లలు కంచె దాటి మొక్కజొన్న చేలోకి పరుగు తీశారు. అక్కడే ఉన్న ‘డెమోయిన్ రిజిస్టర్’ పత్రిక ఛాయాచిత్రకారుడు థామస్ డిఫియో ఆ పరుగును తన కెమెరాలో పట్టుకున్నాడు.

ఆ చిత్రం దేశమంతటా పత్రికలలో అచ్చయింది. పాతకాలపు దుస్తుల్లో ఉన్న పసివాళ్లు చట్టానికి భయపడి చేలోకి పారిపోవడం చూసిన పాఠకులు ఆమిష్ పక్షాన నిలిచారు. గవర్నర్ హెరాల్డ్ హ్యూస్ జోక్యం చేసుకొని బలవంతపు చర్యలను ఆపించాడు. 1967లో అయోవా శాసనసభ ఆమిష్ బడులకు మినహాయింపు పొందే వీలు కల్పించింది. ఆమిష్ మతస్వేచ్ఛ కోసం ఆమిషేతరులు ఒక జాతీయ సంఘాన్ని ఏర్పరచినది కూడా ఆ ఏడాదే. ఆ సంఘం అండతో నడిచిన ‘విస్కాన్సిన్ వర్సెస్ యోడర్’ కేసులో, ఎనిమిదో తరగతి తరువాత పిల్లలను బడికి పంపి తీరాలని ఆమిష్ తల్లిదండ్రులను నిర్బంధించరాదని 1972లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

ఛాయాచిత్రానికి నిలబడని సమాజం తన బడులను నిలబెట్టుకోవడంలో ఒక ఛాయాచిత్రానికి పెద్ద పాత్రే ఉంది. ఆ చిత్రానికి ఎవరి అనుమతీ లేదు. ఆ తల్లిదండ్రులను అనుమతి అడిగి ఉంటే దాదాపు నిశ్చయంగా వద్దనేవారు. ఆమిష్ జీవనాన్ని చిత్రించిన ఛాయాచిత్రాలను విమర్శించడానికి ‘అనుమతి ఉందా, లేదా’ అన్న ఒక్క కొలబద్ద చాలదని చెప్పడానికి ఈ ఉదంతం ఒక్కటి సరిపోతుంది. అలాగని ‘మేలు జరిగింది కదా’ అన్న సమర్థన కూడా చెల్లదు. మేలు జరుగుతుందని తెలిసి డిఫియో కెమెరా ఎత్తలేదు.

2. నిరాకరణ బొమ్మనా, నిలబడడాన్నా?

1525లో జ్యూరిక్‌లో మొదలైన అనాబాప్టిస్టు ఉద్యమం శిశు బాప్తిస్మాన్ని తిరస్కరించింది. తెలివి వచ్చిన వ్యక్తి తనంతట తాను కోరి తీసుకున్నదే బాప్తిస్మమని నమ్మింది. ఆ నమ్మకానికి వేలమంది ప్రాణాలు చెల్లించారు. ఆ సంప్రదాయంలోనే 1693లో యాకోబ్ అమ్మాన్ నాయకత్వాన చీలిన వర్గం ఆమిష్. పద్దెనిమిదో శతాబ్దం నుండి వీరు పెన్సిల్వేనియాకు వలస వచ్చారు. ఐరోపాలో ఈ శాఖ 1937 నాటికి అంతరించింది. ఉత్తర అమెరికాలో ఇప్పుడు వీరి సంఖ్య 4 లక్షలకు చేరింది. వీరికి పీఠాధిపతి లేడు, కేంద్ర కార్యాలయం లేదు, ప్రార్థనామందిరం సైతం లేదు. ఇరవై నుండి నలభై కుటుంబాల వరకు ఒక సంఘం. ప్రతి సంఘానికీ దాని ఓర్డ్‌నుంగ్, అంటే నడవడి కట్టుబాటు, ఉంటుంది. టోపీ అంచు వెడల్పు మొదలు టెలిఫోను ఎక్కడ ఉండవచ్చునన్నదాని వరకు అదే నిర్ణయిస్తుంది.

ఛాయాచిత్ర నిరాకరణకు సాధారణంగా చెప్పే కారణం పది ఆజ్ఞలలోని విగ్రహనిషేధం. నిర్గమకాండము ఇరవయ్యవ అధ్యాయాన్ని ఉదహరించి పర్యాటక కరపత్రాలు మొదలు పాఠ్యగ్రంథాల వరకు ఈ మాటనే తిరిగి తిరిగి రాస్తాయి. అది అబద్ధం కాదు, కానీ అసంపూర్ణం. నిషేధం రూపం మీదనే అయితే ఆమిష్ ఇళ్లలో ‘అమరవీరుల దర్పణం’ గ్రంథానికి చోటు ఉండకూడదు. 1660లో డచ్ భాషలో వెలువడిన ఆ గ్రంథపు 1685 ముద్రణకు యాన్ లైకెన్ 104 రాగిరేకు చిత్రాలు చెక్కాడు. వాటిలో అనాబాప్టిస్టు కుటుంబాలన్నింటికీ పరిచితమైనది డిర్క్ విలెమ్స్ చిత్రం. 1569లో నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్ వద్ద చెర నుండి తప్పించుకొని మంచుగడ్డ కట్టిన నీటి మీదుగా పారిపోతున్న విలెమ్స్, తనను తరుముతున్న మనిషి మంచు విరిగి మునిగిపోతుంటే వెనక్కి తిరిగి వచ్చి చేతులు చాచి పైకి లాగాడు. దాని ఫలితంగా మళ్లీ పట్టుబడి దహనానికి గురయ్యాడు. లైకెన్ చెక్కినది ఆ చాచిన చేతులను. అందులో ఉన్నది మనిషి రూపమే అయినా దానికి ప్రాణం ఆ చేతలో ఉంది.

కనుక ఆమిష్ అభ్యంతరాన్ని మరోచోట వెదకాలి. వారి మాటలలో హోఖ్‌ముట్ అంటే గర్వం, డేముట్ అంటే వినయం, గెలాసెన్‌హైట్ అంటే తన ఇచ్ఛను దేవునికి, సంఘానికి వదిలివేయడం. కెమెరా ముందు నిలబడి, దుస్తులు సవరించుకొని, తన ముఖాన్ని చిరకాలం దాచుకోవాలనుకోవడం మొదటి మాటకు చెందిన చేష్ట. అందుకే చాలా సంఘాలలో పని చేసుకుంటున్న మనిషిని దారిన పోయేవాడు తీసిన చిత్రానికీ, ఆ మనిషి నిలబడి తీయించుకున్న చిత్రానికీ తేడా ఉంది. మొదటిది ఇబ్బంది, రెండవది అపరాధం. నిషేధమంతా ‘నిలబడడం’ అనే క్రియ మీద ఉంది. ఈ సూక్ష్మభేదాన్ని గమనించకపోతే ఆమిష్ చిత్రాల వ్యాకరణం అర్థం కాదు.

చనిపోయినవారి పటానికి దండ వేసి, ఏటా తద్దినం నాడు బొట్టు పెట్టే ఇళ్లలో పెరిగిన తెలుగు పాఠకుడికి ముఖం లేని జ్ఞాపకం ఊహకు అందడం కష్టం. తాతను చూడని మనవడికి పటమే తాత. ఆమిష్ ఇళ్లలో ఆ పని అక్షరం చేస్తుంది. కుటుంబ బైబిలులో పుట్టుక, మరణ తేదీలు ఉంటాయి. ఒహాయోలోని షుగర్‌క్రీక్ నుండి 1890 మొదలు వెలువడుతున్న ‘ది బడ్జెట్’ వారపత్రికలో ఊరూరి లేఖకులు వాతావరణం, పంట, జబ్బు, అతిథులు, అంత్యక్రియలు అన్నీ పూసగుచ్చినట్లు రాస్తారు. ఛాయాచిత్రం నింపవలసిన ఖాళీ ఒకటి ఆ జీవితంలో ఉందన్న ఊహ బయటివాడిది.

3. జార్జ్ టైస్ పొలాలు

ఆమిష్ మీద పత్రికా కెమెరాలు పెద్దయెత్తున వాలినది 1937లో, పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ కౌంటీ ఈస్ట్ లాంపీటర్ బడి వివాద సమయంలో. 1940ల ఆరంభంలో ప్రభుత్వ ఛాయాచిత్రకారులు వచ్చారు. వారిలో ఒకడైన జాన్ కొలియర్ తరువాతి కాలంలో ఛాయాచిత్రాన్ని పరిశోధన పద్ధతిగా ప్రతిపాదిస్తూ 1967లో దృశ్య మానవశాస్త్రానికి పునాది గ్రంథం రాశాడు. 1955లో ఆమిష్ నేపథ్యంతో బ్రాడ్వేలో ‘ప్లెయిన్ అండ్ ఫ్యాన్సీ’ సంగీత నాటకం ఆడిన తరువాత లాంకస్టర్‌కు పర్యాటకులు పోటెత్తారు. పోస్టుకార్డులు, క్యాలెండర్లు, గుర్రపుబగ్గీ బొమ్మలు అప్పటి నుండి ఒక పరిశ్రమ. వాటిని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు.

1960లలో అదే కౌంటీలో తిరిగిన జార్జ్ టైస్ వేరు. న్యూజెర్సీలో పుట్టిన టైస్ నౌకాదళంలో పనిచేసే రోజుల్లో, 1959లో, వాస్ప్ యుద్ధనౌక మీద జరిగిన పేలుడును చిత్రించాడు. ఆ చిత్రాన్ని ఎడ్వర్డ్ స్టైకెన్ న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయానికి తీసుకున్నాడు. అటువంటి క్షణికోద్రేకంతో పేరు తెచ్చుకున్నవాడు ఏమీ జరగని పొలాల వైపు రావడం గమనించదగినది. కవి, నవలాకారుడు మిలెన్ బ్రాండ్ వచనంతో టైస్ చిత్రాలు 1970లో ‘ఫీల్డ్స్ ఆఫ్ పీస్’ పేరిట పుస్తకమయ్యాయి. అందులో ఆమిష్ మాత్రమే కాదు, వారి బంధుశాఖ మెన్నోనైట్లూ ఉన్నారు.

టైస్ బలం వేగంలో కాక ముద్రణలో ఉంది. నలుపుకూ తెలుపుకూ మధ్య ఉన్న బూడిద ఛాయలను విడివిడిగా పలికించగల పనితనం అతనిది. 1969 నాటి, మంచులో ఆడుకుంటున్న ఆమిష్ పిల్లల చిత్రంలో తెల్లని నేల మీద నల్లని చిన్న ఆకారాలు చెదిరి ఉంటాయి. ఎవరు ఎవరో చెప్పలేము, చెప్పవలసిన అవసరమూ కలగదు. అక్కడ దూరం దొంగచూపులా అనిపించదు. ఆట ఎంత మేర పరచుకుందో చూపడానికి ఆ దూరం కావాలి. వ్యక్తి కన్న గుంపు ముందుండాలన్న గెలాసెన్‌హైట్‌ను ఛాయాచిత్రం అనుకోకుండా అనువదించిన సందర్భం ఇది.

అయితే టైస్‌లోనూ, అతని తరువాత వచ్చిన వందలాది చిత్రాలలోనూ ఒక రూపం తిరిగి తిరిగి వస్తుంది. పొలం వైపు నడిచిపోతున్న మనిషి వీపు, దుమ్ములో దూరమవుతున్న బగ్గీ వెనుకభాగం, కిటికీ వైపు తిరిగిన బానెట్. జర్మన్ కాల్పనిక చిత్రకళలో, ప్రత్యేకించి కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ చిత్రాలలో, వీపు చూపే మనిషి ప్రేక్షకుడిని తన పక్కన నిలిచి తాను చూసేదాన్ని చూడమని పిలుస్తాడు. ఆమిష్ చిత్రాలను మెచ్చుకునే వ్యాఖ్యాతలు ఈ పోలికనే తెచ్చి, ఆ వీపులో ప్రశాంతతనూ భక్తినీ చదువుతారు. పొరపాటు అక్కడే జరుగుతున్నది. ఫ్రీడ్రిష్ మనిషి చిత్రకారుని కల్పన, అతడికి ముఖం తిప్పుకోవలసిన కారణం లేదు. ఆమిష్ రైతుకు ఉంది. ఆ వీపు పనికి పోతున్న వీపా, కెమెరాను చూసి తిరిగిన వీపా? చిత్రం దానికి జవాబు చెప్పదు. భక్తిగా చదివిన భంగిమ, కొన్ని సందర్భాలలోనైనా, ‘వద్దు’ అన్న మాట కావచ్చు. ఆ మాటను చట్రంలో బిగించి గోడకు తగిలించిన తరువాత దాన్ని శాంతి అని పిలవడం ఛాయాచిత్ర విమర్శ చేసిన తొందరపాటు.

తెలుగులో మొగమాటం అన్న మాట ఉంది. ఎదుటి ముఖాన్ని చూసి కాదనలేకపోవడం. ఆమిష్ సందర్భంలో ఇది స్వభావంతో ఆగక సిద్ధాంతమైంది. ఎదిరించకపోవడం వారి విశ్వాసంలో మౌలిక సూత్రం. వారు కొట్టరు, కెమెరా లాక్కోరు, సాధారణంగా కోర్టుకెక్కరు. తన చిత్రాన్ని అమ్ముకున్నవాడి మీద దావా వేసే ఆమిష్ మనిషిని ఊహించడం కష్టం. అంటే ఈ ఛాయాచిత్రాలను సాధ్యం చేసినది కెమెరా నైపుణ్యం ఒక్కటే కాదు, చిత్రంలో ఉన్నవారి మతం కూడా. పీటర్ వియర్ తీసిన 1985 నాటి ‘విట్నెస్’ చలనచిత్రంలో, తన బొమ్మ తీయబోయిన పర్యాటకురాలిని ఒక మనిషి బూతుతో బెదిరిస్తాడు. అతడు ఆమిష్ దుస్తుల్లో ఉన్న ఫిలడెల్ఫియా పోలీసు. ఆమిష్ చేయలేనిదాన్ని వారి తరఫున చేసిపెట్టే హాలీవుడ్ ఊహ అది. ప్రేక్షకులు నవ్వుతారు. ఆ చిత్రీకరణను లాంకస్టర్ ఆమిష్ పెద్దలు నిరసించారు. ఆమిష్ కుటుంబంలో పుట్టి ‘ఆమిష్ సొసైటీ’ (1963) రాసిన సామాజిక శాస్త్రవేత్త జాన్ హోస్టెట్లర్ బహిరంగంగా వ్యతిరేకించాడు. చిత్రం మాత్రం విజయవంతమైంది.

4. రంగు, దండెం, బెంచీల బండి

ముఖాన్ని వదిలిపెడితే చూపడానికి ఏమి మిగులుతుంది? చాలా మిగులుతుంది. నిజానికి విశ్వాసం ఉన్నది అక్కడే.

లాంకస్టర్‌లో బగ్గీ కప్పు బూడిదరంగు. ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో నలుపు. పెన్సిల్వేనియాలోనే మిఫ్లిన్ కౌంటీ బిగ్ వ్యాలీలో పక్కపక్కన బతికే మూడు శాఖల వారికి మూడు రంగులు: ఒకరిది నలుపు, ఒకరిది పసుపు, ఒకరిది తెలుపు. తెల్ల కప్పు శాఖ అన్నింటిలోకీ కఠినమైనది. ఈ రంగులు అలంకారాలు కావు. ఎవరు ఎవరితో కలిసి ప్రార్థిస్తారు, ఎవరి ఇంటి పిల్లను చేసుకుంటారు అన్న సంగతులు వాటిలో ఉన్నాయి. నలుపు తెలుపు ఛాయాచిత్రం ఈ తేడాలన్నింటినీ ఒకే బూడిదలో కలిపివేసింది. ఏకవర్ణం ఆమిష్ నిరాడంబరతకు తగినదని టైస్ మొదలు ఎందరో భావించి ఉండవచ్చు. ఆ ఎంపికలో ఎంతో అందం ఉంది, కానీ ఓర్డ్‌నుంగ్ చదివే వీలు పోయింది. దాన్ని మళ్లీ తెచ్చిన రంగుల క్యాలెండర్లు పసుపు కప్పును శరత్కాలపు ఆకులకు జోడీగా మార్చాయి. నష్టం రెండు వైపులా సమానమేమీ కాదు. టైస్ చిత్రంలో సమాచారం తగ్గింది, క్యాలెండరులో గౌరవం తగ్గింది.

దండెం మీద ఆరేసిన బట్టలు ఆమిష్ చిత్రాలలో అరిగిపోయిన విషయం. సోమవారం ఉతుకుల రోజు. ఇంటి నుండి కొట్టం వరకు కప్పీల మీద లాగిన తీగకు ముదురురంగు గౌన్లు, నల్ల ప్యాంట్లు వరుసగా వేలాడుతాయి. అరిగిపోయినంత మాత్రాన ఆ విషయాన్ని తోసిపుచ్చరాదు. కొలతల వరుస చూసి ఇంట్లో ఎందరు పిల్లలో, ఎవరు ఎంతో చెప్పవచ్చు. గుండీల చోట గుండుసూదులు పెట్టుకునే ఆడవారి దుస్తుల కుట్టు ఏ సంఘానిదో తెలిసినవారికి తెలుస్తుంది. ఒక కుటుంబం నిలబడకుండా ఇచ్చిన కుటుంబచిత్రం అది. చాలా ఛాయాచిత్రాలు విఫలమయ్యేది దాన్ని రంగుల తోరణంగా తీసినప్పుడు, దుస్తులను లెక్కించడానికి వీలులేనంత దూరం నుండి తీసినప్పుడు.

ఇంతగా అరగని విషయం ఒకటుంది: బెంచీల బండి. ప్రార్థనామందిరం లేదు గనుక రెండు వారాలకొక ఆదివారం ఒక్కో ఇంట్లో ఆరాధన జరుగుతుంది. వీపు ఆనించడానికి చెక్క లేని బెంచీలు, పాటల పుస్తకాలు నింపిన పెట్టెబండి ఒకటి ఇంటి నుండి ఇంటికి సాగుతుంది. ఆ పాటల పుస్తకం ‘ఔస్‌బుంట్’. పదహారో శతాబ్దంలో పసావు కోట చెరలో ఉన్న అనాబాప్టిస్టులు కట్టిన పాటలు దానికి మూలం. స్వరాలు అచ్చు లేకుండా తరతరాలుగా నోటి వెంట వస్తాయి. రెండవ పాటగా ఎప్పుడూ పాడే స్తుతిగీతం ఒక్కటే చాలాచోట్ల ఇరవై నిమిషాల వరకు సాగుతుంది. ఆ మందగతిని, మూడు గంటల కూర్చోవడాన్ని, మగవారు ఒకవైపు ఆడవారు ఒకవైపు కూర్చున్న గదిలోని ఉక్కను ఏ కెమెరా పట్టలేదు. పట్టడానికి లోపలికి రానివ్వరు కూడా. కాని శనివారం నాడు ఒక ఇంటి ముంగిట ఆగిన బెంచీల బండి, రేపు ఇక్కడ దేవుని సంఘం కూడుతుందని చెబుతుంది. బండికి ముఖం లేదు, గర్వం లేదు. మోకరిల్లిన వృద్ధుని చిత్రం కోసం టెలిఫోటో కటకంతో కాచుకునే వాని కన్న, ఆ బండిని మధ్యాహ్నపు చప్పని వెలుతురులో తీసిన వాడు ఆమిష్ విశ్వాసానికి దగ్గరగా వచ్చినట్లు లెక్క.

5. పసిముఖాల సందు

ఆమిష్ ఛాయాచిత్ర పుస్తకం ఏదైనా తిరగవేస్తే ఒక సంగతి తెలుస్తుంది. పెద్దలు వీపులు, చేతులు, నీడలు. కెమెరా వైపు నేరుగా చూసేవారు పిల్లలు. టైస్ 1962లో తీసిన ఇద్దరు ఆమిష్ బాలుర చిత్రం కూడా ఈ కోవలోనిదే. దీనికి సులభంగా చెప్పే కారణం పిల్లలకు బెరుకు లేకపోవడం. అసలు కారణం సిద్ధాంతంలో ఉంది. బాప్తిస్మం పొందనివారు ఓర్డ్‌నుంగ్‌కు ఇంకా బద్ధులు కారు. అందువల్ల పిల్లల చిత్రాల విషయంలో కొన్ని సంఘాలు చూసీచూడనట్లు ఊరుకుంటాయి. ఛాయాచిత్రకారులు ఈ సందును త్వరగానే కనిపెట్టారు.

ఇది తేలికగా తీసుకోదగిన సందు కాదు. పెద్దయ్యాక తానే కోరుకొని చేరవలసిన సంఘానికి ముందే, ఆ సంఘపు ముద్రగా లోకమంతా ఎరిగిన ముఖం ఆ పిల్లవాడిదవుతుంది. స్వేచ్ఛాపూర్వక బాప్తిస్మం కోసం ప్రాణాలిచ్చిన సంప్రదాయంలో ఇంతకన్న వింత ఏముంటుంది? యోడర్ కేసులో జస్టిస్ విలియం డగ్లస్ పాక్షికంగా విభేదిస్తూ లేవనెత్తిన ప్రశ్న సరిగ్గా ఇటువంటిదే. తల్లిదండ్రుల హక్కు గురించి అందరూ మాట్లాడారు, పిల్లలు ఏమి కోరుకుంటున్నారో ఎవరు అడిగారు అన్నది ఆయన వాదన సారాంశం. న్యాయశాస్త్రంలో ఆ విభేదం మీద అర్ధశతాబ్దంగా చర్చ నడుస్తున్నది. ఛాయాచిత్ర విమర్శ దాన్ని పట్టించుకోలేదు. డిఫియో చిత్రంలోని పిల్లలు కనీసం పరుగెత్తుతున్నారు, వారి ఇష్టం వారి కాళ్లలో ఉంది. కంచె మీద గడ్డం ఆనించి నవ్వుతున్న పసివాడి విషయంలో ఆ మాట అనలేము.

6. ముఖం దొరికేది ఎవరికి

కెమెరా తన పరిమితిని ఒప్పుకున్న ప్రయత్నం ఒకటి ఉంది. 2012లో అమెరికా ప్రజా ప్రసార సంస్థ ‘అమెరికన్ ఎక్స్‌పీరియన్స్’ వరుసలో డేవిడ్ బెల్టన్ తీసిన ‘ది ఆమిష్’ డాక్యుమెంటరీలో ఆమిష్ మాట్లాడుతారు, కనిపించరు. గొంతులు పొలాల మీద, వంటింటి కిటికీల మీద, దారుల మీద నడుస్తాయి. ముఖం అడగకుండా మాట అడగడం మంచి పద్ధతి. లోపం ఏమంటే, ఎవరి గొంతు అయినా అందమైన పచ్చిక మీదనే వినిపిస్తుంది. దుఃఖంతో పలికిన మాటకూ సంతృప్తితో పలికిన మాటకూ ఒకే వెలుతురు. నేల అందం మాటల కరుకును నునుపు చేసివేసింది.

రెండేళ్లకు అదే వరుసలో వచ్చిన ‘ది ఆమిష్: షన్డ్’ (2014) సంఘాన్ని విడిచి, బహిష్కృతులై బతుకుతున్న వారి కథ. వారు కెమెరాకు ఎదురుగా కూర్చొని మాట్లాడుతారు. రెండు చిత్రాలనూ పక్కపక్కన చూసినప్పుడు ఒక కఠిన వాస్తవం తెలుస్తుంది: ఈ మాధ్యమంలో ఆమిష్‌గా పుట్టిన మనిషికి ముఖం దొరికేది వెళ్లిపోయిన తరువాతే. ముఖం ఉన్నవారి బాధను ప్రేక్షకుడు నమ్ముతాడు, ముఖం లేనివారి తృప్తిని ఊహించుకోవాలి. దర్శకుల ఉద్దేశం ఏదైనా, విడిచినవారి వైపు తూకం మొగ్గుతుంది. ఈ అసమానతను సరిదిద్దే దారి తేలికగా కనబడదు.

చూసేవాడి కుతూహలం కాక రాజ్యమే ముఖం అడిగినప్పుడు సమస్య స్వరూపం మారుతుంది. ఆమిష్‌కు సిద్ధాంత బంధువులైన హటరైట్లు కెనడాలోని ఆల్బర్టా ప్రాంతంలో ఏళ్ల తరబడి ఛాయాచిత్రం లేని డ్రైవింగ్ లైసెన్సులతో బండ్లు నడిపారు. 2003లో ప్రభుత్వం ఆ మినహాయింపును తొలగించింది. విల్సన్ కాలనీ హటరైట్లు వేసిన కేసులో కెనడా సుప్రీంకోర్టు 2009లో 4–3 తేడాతో ప్రభుత్వం వైపు నిలిచింది. ఇక్కడ ఎవరూ అందం కోసం బొమ్మ అడగలేదు, గుర్తింపు మోసాల నివారణకు అడిగారు. కళాకారుని కెమెరాకు వీపు చూపవచ్చు. లైసెన్సు కార్యాలయపు కెమెరాకు వీపు చూపడానికి లేదు. ఆమిష్ చిత్రాల మీద రాసేవారు టైస్ గురించి పుటలు నింపి దీన్ని వదిలివేయడం విచిత్రంగా ఉంటుంది. నిలబడక తప్పని చిత్రమంటూ ఉంటే అది ఇదే.

7. నికెల్ మైన్స్ పచ్చిక

2006 అక్టోబరు 2న లాంకస్టర్ కౌంటీలోని వెస్ట్ నికెల్ మైన్స్ ఆమిష్ బడిలోకి ఒక సాయుధుడు చొరబడి పదిమంది బాలికలను కాల్చాడు. ఐదుగురు మరణించారు. అతడు తనను తాను కాల్చుకున్నాడు. ఆ సాయంత్రమే కొందరు ఆమిష్ హంతకుని కుటుంబాన్ని ఓదార్చడానికి వెళ్లారు. అతని ఖననానికీ ఆమిష్ కుటుంబాలు హాజరయ్యాయి. ఆధునిక కాలంలో ఆ సమాజపు విశ్వాసం లోకానికి అంతగా తెలిసిన సందర్భం మరొకటి లేదు.

లోకానికి అది తెలిసినది మాటల ద్వారా. కెమెరాలకు కొరత లేదు. దేశదేశాల పత్రికలు, టెలివిజన్ బృందాలు ఆ పల్లెదారుల్లో నిండిపోయాయి. అంత్యక్రియల దారులను పోలీసులు మూసివేశారు. దూరం నుండి తీసిన బగ్గీల వరుస చిత్రాలు అన్ని పత్రికలలోనూ అచ్చయ్యాయి: ముందు శవపేటికను మోసే గుర్రపుబండి, వెనుక బగ్గీల పంక్తి, మళ్లీ వీపులే. కాని ఆ దారుణానికి ఆమిష్ ఇచ్చిన సమాధానం, అంటే ఒక తండ్రి మరొక తండ్రి భుజం మీద చేయి వేయడం వంటిది ఏదైనా, జనం జ్ఞాపకంలో నిలిచే ఛాయాచిత్రం కాలేదు. లైకెన్ విలెమ్స్‌ను చెక్కినది ఆ సంఘటన జరిగిన నూరేళ్లకు పైగా గడిచాక, విన్నదాన్ని బట్టి. ఛాయాచిత్రానికి ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఉండి తీరాలి. ఉండనివ్వనప్పుడు అది చుట్టూ తిరుగుతుంది.

కాల్పులు జరిగిన పది రోజులకు, అక్టోబరు 12న తెల్లవారకముందే ఆమిష్ ఆ బడిని కూల్చివేయించారు. శిథిలాలను తరలించి నేలను చదును చేసి గడ్డి నాటారు. ఫలకం పెట్టలేదు. కొత్త బడిని సమీపంలో మరోచోట కట్టుకున్నారు, దాని పేరు న్యూ హోప్. పాత బడి ఉన్న చోటును ఇప్పటికీ వచ్చి ఛాయాచిత్రాలు తీసుకుంటారు. ఆ చిత్రాలలో గడ్డి, కంచె, కొన్ని చెట్లు ఉంటాయి. కింద శీర్షిక రాయకపోతే అది పెన్సిల్వేనియాలో మరో పశువుల బీడు.